లెన్సు జవాబివ్వనప్పుడు

కెమెరా తెర మీద ‘ఎర్ 01’ అని వచ్చి, కింద లెన్సు కాంటాక్టులు శుభ్రం చేయమన్న సలహా కనబడగానే చాలామంది ఫొటోగ్రాఫర్ల చెయ్యి చొక్కా అంచు మీదికే పోతుంది. లెన్సు ఊడదీసి, వెనకున్న బంగారు రంగు చుక్కల్ని గట్టిగా తుడిచి మళ్లీ బిగిస్తారు. నాలుగు ఫొటోలు పడతాయి. అయిదోదానికి మళ్లీ అవే అక్షరాలు. పెళ్లిలో జీలకర్ర బెల్లం పెట్టే వేళకి ఇలా జరిగితే ఆ మనిషి పడే కంగారు ఇంతా అంతా కాదు. ఆ ఘడియ మళ్లీ రాదు. దాని కోసమే అతను అడ్వాన్సు తీసుకున్నాడు.

కెనాన్ కెమెరాల్లో కనిపించే ఆ సందేశం అబద్ధం చెప్పదు. అలాగని మొత్తం సంగతీ చెప్పదు. కెమెరాకి తెలిసింది ఒక్కటే: లెన్సుని ఒక పని అడిగాను, సరైన జవాబు రాలేదు. ఎందుకు రాలేదో దానికి తెలియదు. కాంటాక్టులకు మురికి పట్టడం తరచుగా ఎదురయ్యే కారణం, పైసా ఖర్చు లేకుండా పోయే కారణం కూడా. అందుకే తయారీదారులు ముందు దాని పేరే చెబుతారు. అసలు లోపం ఎక్కడుందో కనిపెట్టే పని మాత్రం మనదే. అది కనిపెట్టకుండా తుడవడం మొదలుపెడితే బాగున్న భాగాలు కూడా అరిగిపోతాయి.

ఒకప్పటి కెమెరాల్లో ఈ ఇబ్బందికి చోటే లేదు. 1959లో వచ్చిన నికాన్ ఎఫ్‌లో ఎపర్చరును నడిపేది చిన్న లోహపు మీట. షట్టరు నొక్కితే బాడీలోని మీట కదిలేది, దాంతో లెన్సులోని మీట కదిలేది, రెక్కలు మూసుకునేవి. 1987లో ఈఓఎస్ 650తో పాటు ఈఎఫ్ మౌంటును తెచ్చినప్పుడు కెనాన్ అలాంటి మీటలన్నిటినీ తీసేసింది. ఫోకస్ మోటారు లెన్సులోకి వెళ్లింది. ఎపర్చరు రెక్కల్ని తిప్పడానికి ఇంకో చిన్న స్టెప్పర్ మోటారు, అదీ లెన్సులోనే. 54 మిల్లీమీటర్ల వ్యాసమున్న ఆ మౌంటులో బాడీ, లెన్సూ మాట్లాడుకోవడానికి మిగిలిన దారి ఎనిమిది కాంటాక్టులు. అంతకుముందు కెనాన్ పాత ఎఫ్‌డీ మౌంటు లెన్సులు కొనుక్కున్నవాళ్లకు అవి కొత్త బాడీకి ఎక్కకుండా పోయాయి. అది వాళ్లకు నిజంగా పెద్ద నష్టమే. అయినా లోకం ఆ దారినే నడిచింది. 2010లో వచ్చిన సోనీ ‘ఈ’ మౌంటు, 2018లో వచ్చిన కెనాన్ ఆర్‌ఎఫ్, నికాన్ జెడ్ మౌంట్లు అన్నీ కరెంటుతో మాట్లాడేవే. ఆర్‌ఎఫ్‌లో కాంటాక్టులు 12కి పెరిగాయి.

ఈఎఫ్‌లోని ఆ ఎనిమిదీ తలో పని చేస్తాయి. మోటార్లకు కరెంటు తెచ్చేది ఒకటి, దానికి గ్రౌండు ఒకటి. లెన్సులోని చిప్పుకు వేరే కరెంటు, దానికి వేరే గ్రౌండు. కెమెరా నుంచి లెన్సుకు వెళ్లే డేటా ఒకటి, లెన్సు నుంచి వచ్చే డేటా ఒకటి, ఆ రెండింటినీ ఒకే లయలో నడిపే క్లాకు ఒకటి. ఎనిమిదోది లెన్సు బిగించి ఉందో లేదో చెబుతుంది. స్విచ్ వేసిన వెంటనే కెమెరా లెన్సుని నువ్వెవరని అడుగుతుంది. ఫోకల్ లెంగ్త్ ఎంత, ఎపర్చరు ఎక్కడి నుంచి ఎక్కడి దాకా, ఫోకస్ ఎక్కడుంది అన్న వివరాలన్నీ లెన్సు చెబుతుంది. ఇక ఫొటో తీసే ప్రతిసారీ ఆజ్ఞలు, జవాబులు సెకనులో చిన్న భాగంలో అయిపోతాయి. ఎనిమిదింటిలో ఏ ఒక్క తీగ తెగినా కెమెరాకు కనబడేది ఒకటే, జవాబు రాలేదని.

రెండు లోహాలు ఆనుకుంటే కరెంటు దానంతటదే పారుతుందని మనం అనుకుంటాం. కాంటాక్టుల మీద జీవితకాలం పనిచేసిన రాగ్నార్ హోమ్ అనే శాస్త్రవేత్త గట్టిగా చెప్పింది వేరు. ఎంత నున్నగా కనిపించే లోహమైనా సూక్ష్మదర్శిని కింద గుట్టలు, గుంటలే. రెండు ఉపరితలాలు కలిసినప్పుడు నిజంగా తగిలేవి కొన్ని గుట్టల కొనలు మాత్రమే. కరెంటంతా ఆ కొద్ది చోట్ల నుంచే ఇరుక్కుని పోవాలి. అక్కడ జిడ్డు పొర ఉన్నా, నూలు పోగు ఉన్నా, పసుపు రేణువు ఉన్నా కాంటాక్టు నిరోధం పెరుగుతుంది. డేటా తీగల్లో పారే కరెంటు తక్కువ కాబట్టి అవి కొంతవరకూ నెట్టుకొస్తాయి. మోటారు తీగ సంగతి వేరు. బరువైన గాజును కదిలించబోయే క్షణాన ఫోకస్ మోటారు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది. నిరోధం ఉన్నచోట వోల్టేజి పడిపోతుంది. బ్యాటరీ కూడా దిగి ఉంటే ఇంకా పడిపోతుంది. అందుకే ఎర్రర్ వచ్చినప్పుడు నిండుగా ఛార్జి చేసిన బ్యాటరీ వేసి చూడటం మొదటి పని. ఇది చాలామంది ఆఖర్న చేస్తారు.

కాంటాక్టులకు బంగారు పూత వేసేది అందానికి కాదు. బంగారానికి గాలిలో తుప్పు పట్టదు, పైన ఆక్సైడు పొర కట్టదు. అయితే ఆ పూత మైక్రాన్లలో కొలిచేంత పలుచన. అందులో కంటికి కనబడని రంధ్రాలుంటాయి. కింద ఉండే నికెల్, రాగి లాంటి లోహాలకు బంగారానికున్న ఓర్పు లేదు.

మన తీరప్రాంతం కథ ఇక్కడే మొదలవుతుంది. లెన్సు మార్చేటప్పుడు వేలు కాంటాక్టులకు తగిలితే నూనెతో పాటు చెమట ఉప్పు కూడా అంటుతుంది. సముద్రపు గాలి తెచ్చే తుంపరలోనూ ఉప్పే. గాలిలో సాపేక్ష తేమ సుమారు 75 శాతం దాటితే సోడియం క్లోరైడు ఆ తేమను పీల్చుకుని తనే కరిగి ద్రవమైపోతుంది. వేసవి మధ్యాహ్నం హైదరాబాదులో పొడిగా పడి ఉండే ఉప్పు విశాఖ బీచ్ రోడ్డులోనో, కాకినాడలోనో, మచిలీపట్నంలోనో పల్చటి తడి పొర అవుతుంది. ఉప్పునీరు కరెంటును మోస్తుంది. కాంటాక్టుల మధ్య ఎడం చాలా తక్కువ కాబట్టి ఒక తీగలోంచి పక్క తీగలోకి కరెంటు కారడానికి ఆ పొర చాలు. పైగా అది బంగారు పూత రంధ్రాల్లోంచి కిందికి దిగి లోపలి లోహాన్ని తినడం మొదలుపెడుతుంది. కొన్నాళ్లకు పచ్చటి చిలుము పైకి కనిపిస్తుంది. స్టూడియోలో బుద్ధిగా పనిచేసిన లెన్సు సముద్రం ఒడ్డున ప్రీ వెడ్డింగ్ షూట్‌లో మొండికేసి, ఇంటికొచ్చాక మళ్లీ మామూలుగా పనిచేయడానికి ఇదొక కారణం. మెకానిక్ చూసి లోపమేమీ లేదంటాడు, ఫొటోగ్రాఫరు ఉందంటాడు. ఇద్దరిదీ నిజమే.

ఇప్పుడు పరీక్షలు. నా దృష్టిలో అన్నిటికన్నా విలువైంది ఎపర్చరు పరీక్ష. దీనికి ఏ పనిముట్టూ అక్కర్లేదు. కెమెరాను ఎపర్చరు ప్రయారిటీలో పెట్టి, ఆ లెన్సుకున్న అతి చిన్న సంఖ్య, అంటే ఎఫ్/4 లెన్సయితే ఎఫ్/4 దగ్గరే వరసగా పది పదిహేను ఫొటోలు తీయాలి. తర్వాత ఎఫ్/11కి మార్చి మళ్లీ తీయాలి. ఎఫ్/4 దగ్గర అన్నీ పడి, ఎఫ్/11 దగ్గర మొదటిదానికే ఎర్రర్ వస్తే కాంటాక్టులను అనుమానించక్కర్లేదు. డీఎస్‌ఎల్‌ఆర్‌లో మనం వ్యూఫైండర్ చూస్తున్నంతసేపూ ఎపర్చరు పూర్తిగా తెరిచే ఉంటుంది. షట్టరు పడే క్షణంలోనే రెక్కలు మూసుకోవాలి. ఎఫ్/4 దగ్గర వాటికి కదిలే పని లేదు, ఎఫ్/11 దగ్గర ఉంది. ఆ కదలికే జరగడం లేదంటే రెక్కలు ఇరుక్కున్నాయి, లేదా మోటారు పోయింది, లేదా దానికి కరెంటు తీసుకెళ్లే ఫ్లెక్స్ కేబుల్ చిట్లింది. లెన్సు లోపల కాగితంలా మడతపడే ఆ పల్చటి రాగి పట్టీ జూమ్ తిప్పిన ప్రతిసారీ వంగుతుంది, సాగుతుంది. ఏళ్ల తరబడి పెళ్లిళ్లు చూసిన జూమ్ లెన్సులు తరచుగా పోయేది అక్కడే. చిట్లిన పట్టీ ఒక్కోసారి షార్టయి చిప్పుకు వెళ్లే కరెంటునే పడగొడుతుంది. అప్పుడు లెన్సుకు మొత్తంగా మాట పడిపోతుంది. కెమెరా మాత్రం పాపం కాంటాక్టులు తుడవమనే చెబుతుంది.

డెప్త్ ఆఫ్ ఫీల్డ్ ప్రివ్యూ బటన్ ఉన్న కెమెరాలో ఇదే పరీక్ష ఫొటో తీయకుండానే చేయొచ్చు. ఎఫ్/11 పెట్టి ఆ బటన్ నొక్కితే వ్యూఫైండర్ చీకటిపడాలి. చాలా మిర్రర్‌లెస్ కెమెరాల్లో చూస్తున్నప్పుడు కూడా ఎపర్చరు కదులుతూనే ఉంటుంది కాబట్టి తేడా ఇంత స్పష్టంగా తెలియకపోవచ్చు.

జూమ్‌తో ఇంకో పరీక్ష. ఒకే ఎపర్చరు ఉంచి 24, 35, 50, 70, 105 మిల్లీమీటర్ల దగ్గర తలా కొన్ని ఫొటోలు తీయాలి. ఎర్రర్ ఒక్క చోటే వస్తుంటే పట్టీ ఆ వంపు దగ్గర చిట్లిందని దాదాపు తేలిపోయినట్టే. మూడోది లెన్సుల మార్పిడి. అనుమానమున్న లెన్సును ఇంకో బాడీకి, ఇంకో లెన్సును ఈ బాడీకి తొడగాలి. ఎర్రర్ లెన్సు వెంట వెళితే లెన్సుది, బాడీ దగ్గరే ఉండిపోతే బాడీది. ఆటోఫోకస్ ఆపి మాన్యువల్లో పెట్టినా వస్తోందా, ఇమేజ్ స్టెబిలైజర్ ఆపినా వస్తోందా చూస్తే ఏ మోటారు దగ్గర తంటా వస్తోందో ఇంకొంచెం తెలుస్తుంది. లెన్సును బిగించి మెల్లిగా అటూ ఇటూ కదిపినప్పుడు ఎర్రర్ వస్తూ పోతూ ఉంటే మౌంటు మరలు వదులయ్యాయేమో చూడాలి. టిక్కుమని లాకు పడేదాకా తిప్పకపోవడం వల్ల వచ్చే ఎర్రర్లూ తక్కువేమీ కావు.

ఇంతా చూశాక కాంటాక్టులే అనిపిస్తే, శుభ్రం చేయడం రెండు నిమిషాల పని. కెమెరా ఆపి, బ్యాటరీ తీసి, లెన్సును ఊడదీయాలి. దాని వెనక గాజును కప్పే వీలు లేదు కాబట్టి మౌంటును కాస్త కిందికి వంచి పట్టుకుంటే రాలేది గాజు మీద పడదు. పీచు రాలని గుడ్డ కొనను 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కొద్దిగా తడిపి, బరువు పెట్టకుండా కాంటాక్టుల వరస వెంట ఒకే దిశలో లాగాలి. గుడ్డ మీద నల్లటి గీత పడితే కొత్త చోటుతో మళ్లీ లాగాలి. ఆరాక పొడి గుడ్డతో ఒకసారి. ఉప్పు ఆల్కహాల్లో సరిగా కరగదు. సముద్రం దగ్గర వాడిన లెన్సయితే ముందు డిస్టిల్డ్ నీటితో కేవలం చెమ్మ చేసిన గుడ్డతో తుడిచి, తర్వాత ఆల్కహాల్ వాడటం మేలు. బాడీ వైపున్నవి స్ప్రింగు మీద ఆడే పిన్నులు. వాటిని పక్కకు నెట్టకుండా, బడ్స్ లాంటి పీచు రాలే దూదిని లోపలికి తీసుకెళ్లకుండా, మౌంటు కిందికి చూసేలా కెమెరాను పట్టుకుని తుడవాలి.

పెన్సిల్ రబ్బరుతో రుద్దడం మన దగ్గర బాగా పాతుకుపోయిన అలవాటు. నేను దానికి పూర్తిగా వ్యతిరేకిని. రబ్బరు పనిచేసేది గరుకుదనం వల్లే. జిడ్డుతో పాటు ఆ కొద్దిపాటి బంగారాన్నీ గీకేస్తుంది. కింది లోహం బయటపడిన కాంటాక్టు వారానికోసారి మొండికేస్తుంది, వారానికోసారి రబ్బరు అడుగుతుంది. పైగా ఆ పొట్టు అద్దం గదిలోకి రాలి సెన్సర్ మీదికి చేరుతుంది. శానిటైజర్ కూడా వద్దు. అందులోని గ్లిజరిన్ లాంటివి ఆరాక పొరగా మిగులుతాయి. తుప్పు వదిలించే స్ప్రేలు నూనెను వదులుతాయి, ఆ నూనె ఎపర్చరు రెక్కల దాకా పాకితే అవి అతుక్కుంటాయి.

నికాన్ కెమెరాలో ‘ఎఫ్‌ఈఈ’ అని వస్తే అది అసలు జబ్బే కాదు. ఎపర్చరు రింగున్న లెన్సును అతి పెద్ద సంఖ్య దగ్గర లాకు చేయలేదని అర్థం. తిప్పి లాకు వేస్తే పోతుంది. అడాప్టర్ వాడేవాళ్లకు కాంటాక్టులు రెండు జతలవుతాయి, రెండూ తుడవాలి. వేరే కంపెనీ లెన్సు కొత్త బాడీ మీద జవాబివ్వకపోతే తుడిచే ముందు ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఉందేమో చూడాలి.

గాజు దగ్గరికొస్తే అంత తుడిచే అవసరమే లేదన్నది ముందు నమ్మాలి. 50 మిల్లీమీటర్ల ఎఫ్/1.8 లెన్సు పూర్తిగా తెరిచినప్పుడు వెలుతురు వచ్చే వలయం వ్యాసం దాదాపు 28 మిల్లీమీటర్లు, విస్తీర్ణం 600 చదరపు మిల్లీమీటర్ల పైమాటే. ముందు గాజు మీద ఒక చదరపు మిల్లీమీటరు దుమ్ము పడితే ఆగే వెలుతురు ఆరువందల్లో ఒక వంతు. ఫొటోలో మచ్చగా కనబడనే కనబడదు. వేలిముద్ర జిడ్డు, హోమగుండం ముందు కూర్చున్నప్పుడు నెయ్యి పొగతో పట్టే పొర సంగతి వేరు. అవి వెలుతురును చెదరగొడతాయి. మండపంలో దీపాల తోరణాలు వెలుగుతున్నప్పుడు ఫొటో పాలిపోయినట్టు రావడం వాటివల్లే.

ఆ గాజు పైన ఉన్న పూతను తలుచుకుంటే చెయ్యి దానంతటదే నెమ్మదిస్తుంది. పూతలేని గాజు ఒక్కో ఉపరితలం దగ్గర 4 శాతం దాకా వెలుతురును వెనక్కి పంపేస్తుంది. అలాంటి ఉపరితలాలు ఇరవై ఉంటే సెన్సర్‌కు చేరేది సగం కూడా ఉండదు. 1890ల్లో డెన్నిస్ టేలర్ అనే ఇంగ్లిష్ లెన్సు రూపకర్త కాలంతో రంగు మారిన పాత లెన్సులు కొత్తవాటి కన్నా ఎక్కువ వెలుతురును పంపడం గమనించాడు. 1935లో జైస్ సంస్థలో అలెగ్జాండర్ స్మకులా అలాంటి పొరను కావాలని పూసే పద్ధతి కనిపెట్టాడు. మెగ్నీషియం ఫ్లోరైడుతో ఒకే పొర వేస్తే దాని మందం సుమారు 100 నానోమీటర్లు. వెలుతురు తరంగాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకోవాలంటే ఆ కొలతే కావాలి. మన ఎర్రమట్టి దుమ్ములోనూ, బీచ్ ఇసుకలోనూ ఉండే క్వార్ట్జ్ కాఠిన్యం మోస్ కొలమానంలో 7. గాజూ, పూతా అంతకన్నా మెత్తనివి. దుమ్ము ఊదకుండా చొక్కాతో తుడిస్తే గీత పడక తప్పదు. కాబట్టి ముందు రబ్బరు బ్లోయర్, తర్వాత మెత్తటి బ్రష్, అప్పటికీ జిడ్డుంటేనే లెన్సు కాగితం మీద ఒక చుక్క ద్రవం. చుక్క గాజు మీద వేయకూడదు, అంచుల నుంచి లోపలికి పాకుతుంది.

హల్దీ వేడుకలు ఎక్కువయ్యాక పసుపు సమస్య కూడా ఎక్కువైంది. జూమ్ లెన్సు పొడవు పెరిగినప్పుడల్లా లోపల ఖాళీ పెరిగి బయటి గాలిని పీల్చుకుంటుంది, ఆ గాలితో పొడీ వెళుతుంది. పసుపు గాలిలో ఎగిరే చోట పొడవు మారని లెన్సు వాడటం, లేదా ముందే ప్లాస్టిక్ తొడుగు వేయడం తెలివైన పని. బాడీ మీద పడ్డ పసుపును తడిగుడ్డతో రుద్దొద్దు. కర్క్యుమిన్ నీటిలో దాదాపు కరగదు, మరక పరుచుకుంటుంది. పొడిగా బ్రష్‌తో దులిపి, మిగిలినదాన్ని కొద్ది ఆల్కహాల్‌తో తీయాలి.

ఏసీ హాల్లోంచి బయటికొచ్చినప్పుడు లెన్సు మంచు పట్టినట్టవడం తీరంలో రోజూ జరిగేదే. బయట 30 డిగ్రీలు, తేమ 80 శాతం ఉంటే ఆ గాలిలోని ఆవిరి 26 డిగ్రీల దగ్గరే నీరవుతుంది. 22 డిగ్రీల హాల్లో గంటసేపు ఉన్న గాజు దానికన్నా చల్లన. పైకి కనిపించే చెమ్మ తుడిస్తే పోతుంది, కానీ కాంటాక్టుల మీదా లోపలి గాజుల మీదా పట్టేది తుడవలేం. కెమెరాను హాల్లోనే జిప్ సంచిలో మూసి బయటికి తెచ్చి, వేడెక్కాక తీస్తే చాలు.

ఆ చెమ్మ లోపలే ఉండిపోతే వచ్చేది ఫంగస్. తేమ 70 శాతానికి పైగా కొన్ని రోజులు ఆగకుండా ఉండి, చీకటి, కదలని గాలి తోడైతే దానికి కావలసినవన్నీ దొరికినట్టే. సన్నని దుమ్మూ, జిడ్డూ దానికి ఆహారం. అది వదిలే ఆమ్లాలు పూతను, తర్వాత గాజునే కొరుకుతాయి. అప్పుడు ఫంగస్‌ను తుడిచినా మచ్చ మిగులుతుంది. ఎండలో పెడితే పోతుందని కొందరు పెడతారు. లెన్సు ఎండను కూడగట్టి గుడ్డనో కాగితాన్నో అంటించగలదు, లోపలి గ్రీజు కరిగి పారగలదు. తోలు సంచిలో, బీరువా అడుగున దాచడం ఫంగస్‌ను పెంచడమే. రబ్బరు అంచున్న గట్టి మూత డబ్బా, అందులో సిలికా జెల్, ఒక చిన్న తేమ మీటరు ఉంటే తేమను 40 నుంచి 50 శాతం మధ్య ఉంచొచ్చు. జెల్ రంగు మారాక సన్నని వేడి మీద ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు. కలరా ఉండలు వేయొద్దు, వాటి ఆవిరి గాజు మీద పేరుకోగలదు. తడిసిన కెమెరాను బియ్యంలో పెట్టొద్దు, తవుడు పొడి లోపలికి పోతుంది. వెంటనే బ్యాటరీ తీసేసి, స్విచ్ వేయకుండా అదే రోజు దుకాణానికి తీసుకెళ్లాలి.

సెన్సర్ మీద దుమ్ము ఉందో లేదో ఎఫ్/22 దగ్గర ఫోకస్ తప్పించి తెల్లగోడను తీస్తే తెలుస్తుంది. దుమ్ము ఉండేది సెన్సర్ ముందున్న గాజు పలక మీద. ఎపర్చరు చిన్నదైతే వెలుతురు సన్నగా వచ్చి దాని నీడను గట్టిగా గీస్తుంది, ఎఫ్/2.8 దగ్గర అదే నీడ చెదిరి మాయమవుతుంది. 2003లో ఒలింపస్ ఈ-1 ఆ పలకను అల్ట్రాసోనిక్ వేగంతో కంపింపజేసి దుమ్ము దులిపే ఏర్పాటు తెచ్చింది, ఇప్పుడు చాలా కెమెరాల్లో ఉంది. ముందు దాన్ని నడిపి, తర్వాత బ్లోయర్ వాడి, అప్పటికీ పోకపోతేనే సెన్సర్ కోసమే చేసిన స్వాబ్. నోటితో ఊదకూడదు, ఉమ్మి తుంపర పడుతుంది.

ఎపర్చరు పరీక్షలో లెన్సుదే తప్పని తేలితే దుకాణానికి ఇచ్చేటప్పుడు ‘ఎర్రర్ వస్తోంది’ అని మాత్రమే చెప్పి ఊరుకోకండి. ఏ ఎపర్చరు దగ్గర, ఏ ఫోకల్ లెంగ్త్ దగ్గర, ఏయే బాడీల మీద వచ్చిందో కాగితం మీద రాసి ఇవ్వండి. మెకానిక్ వెతుకులాట సగం తగ్గుతుంది, అక్కర్లేని విడిభాగాల ఖర్చూ తగ్గుతుంది. ఫ్లెక్స్ కేబుల్ మార్చాలంటే లెన్సును చాలావరకు విప్పాలి. తిరిగి బిగించేటప్పుడు గాజుల కేంద్రం వెంట్రుకవాసి జరిగినా ఫొటో ఒక పక్క మసకబారుతుంది. అందుకని లెన్సు చేతికొచ్చాక అక్కడే గోడకు ఒక న్యూస్‌పేపరు అంటించి, కెమెరాను దానికి ఎదురుగా సమంగా నిలబెట్టి, ఎపర్చరు పూర్తిగా తెరిచి ఒకటి, ఎఫ్/11 దగ్గర ఒకటి తీయండి. నాలుగు మూలల అక్షరాలూ ఒకేలా చదవగలిగితే, ఎర్రర్ రాకపోతే, డబ్బు కట్టి రండి.